దూరదేశపు సర్వర్‌లో ఆడేటప్పుడు పింగ్‌ను అదుపులో పెట్టుకోవడం ఎలా

ఆట తెర మీద ఒక మూల కనిపించే పింగ్ అంకె, అంటే మన డేటా సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, చూడడానికి ఒకటే అయినా, దానిలో మూడు రకాల ఆలస్యాలు కలిసి ఉంటాయి. సర్వర్ ఉన్న దూరాన్ని బట్టి తప్పనిసరిగా అయ్యేది ఒకటి, డేటా దగ్గరి దారిని వదిలి చుట్టుదారి పట్టడం వల్ల అదనంగా చేరేది మరొకటి, మన ఇంట్లోనే వైఫైలోనో రౌటర్‌లోనో పుట్టేది ఇంకొకటి. వీటిలో మొదటిదాన్ని ఎంత ఖర్చు పెట్టినా తగ్గించలేము. రెండవదాన్ని కొంతవరకు తగ్గించుకోవచ్చు. మూడవదాన్ని దాదాపు పూర్తిగా వదిలించుకోవచ్చు. చాలామంది ఈ తేడా చూసుకోకుండా ఖరీదైన రౌటర్ కొంటారు, సైట్ల పేర్లకు అడ్రస్‌లు వెతికిపెట్టే డీఎన్ఎస్‌ను మారుస్తారు, కనిపించిన ప్రతి బూస్టర్ యాప్‌నూ వేసుకుంటారు, చివరికి పింగ్ 200 దగ్గరే ఉండిపోయిందని విసుగు చెందుతారు. ఏ వాటా ఎంత ఉందో ముందు లెక్క తేల్చుకుని, తగ్గే వాటా మీద శ్రమ పెట్టి, తగ్గని వాటాకు ఆట తీరును సర్దుకుంటే ఈ తిప్పలన్నీ చాలావరకు తప్పుతాయి.

కనీస పింగ్ ఎంతో ముందే లెక్క వేసుకోవాలి

కాంతి శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గాని, ఆప్టికల్ ఫైబర్ గాజులో దాని వేగం మూడింట రెండు వంతులకు, అంటే సుమారు 2 లక్షల కిలోమీటర్లకు పడిపోతుంది. ఈ లెక్కన 1,000 కిలోమీటర్ల దూరం వెళ్లడానికి 5 మిల్లీసెకన్లు, వెళ్లి తిరిగి రావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. పింగ్ అంటే వెళ్లి వచ్చే కాలమే కాబట్టి, సర్వర్ ఉన్న నగరానికి మ్యాపులో నేరుగా ఎన్ని కిలోమీటర్లో చూసి దాన్ని 100తో భాగిస్తే వచ్చేదే మీ కనీస పింగ్. 8,000 కిలోమీటర్ల దూరంలో సర్వర్ ఉంటే 80 మిల్లీసెకన్లు. ఫైబర్ మీద అంతకన్నా తక్కువ చూపిస్తానని ఏ యాప్ చెప్పినా నమ్మనక్కరలేదు.

అయితే కేబుళ్లు సరళరేఖలో పోవు. తీరం వెంబడి, జలసంధుల గుండా, సముద్రగర్భపు ఎత్తుపల్లాలను తప్పించుకుంటూ సాగుతాయి. మధ్యమధ్య రౌటర్లు కూడా కొంత సమయం తీసుకుంటాయి. లండన్, న్యూయార్క్ నగరాల మధ్య దూరం సుమారు 5,570 కిలోమీటర్లు. లెక్క ప్రకారం 56 మిల్లీసెకన్లు రావాలి. షేర్ మార్కెట్ లావాదేవీల కోసం వీలైనంత తిన్నని దారిలో వేసి 2015లో ప్రారంభించిన హైబర్నియా ఎక్స్‌ప్రెస్ కేబుల్ 59 మిల్లీసెకన్ల లోపు రాబట్టింది. ఒక్కొక్క మిల్లీసెకనుకు లెక్కలేనంత డబ్బు పోసేవాళ్లకు దక్కింది అది. అదే దారిలో మామూలు ఇంటర్నెట్ వాడేవారికి 70 దాటడం సాధారణం. సిడ్నీ నుంచి లాస్ ఏంజలిస్‌కు సుమారు 12,000 కిలోమీటర్లు కాబట్టి లెక్కకు 120 వస్తుంది గాని, ఆచరణలో 140కి పైనే కనిపిస్తుంది. నా అంచనాలో, మీ పింగ్ లెక్కకు వచ్చిన అంకెకు ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే దారి బాగానే ఉన్నట్టు. రెండు రెట్లు దాటితే డేటా ఎక్కడో చుట్టు తిరుగుతున్నట్టు అనుమానించాలి.

ఈ లెక్కకు సర్వర్ ఏ నగరంలో ఉందో తెలియడం అవసరం. ఆటలో 'ఆసియా' అని రాసి ఉంటే అది సింగపూర్ కావచ్చు, టోక్యో కావచ్చు. రెండింటి మధ్య 5,300 కిలోమీటర్ల దూరం ఉంది, అంటే మీరున్న చోటును బట్టి సుమారు 50 మిల్లీసెకన్ల దాకా తేడా. 'నార్త్ అమెరికా' అన్నప్పుడు కూడా తూర్పు తీరమా, పడమటి తీరమా అన్నది పెద్ద తేడా తెస్తుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆట ఉత్తర అమెరికా సర్వర్లను 2015 ఆగస్టులో పడమటి తీరం నుంచి చికాగోకు మార్చినప్పుడు తూర్పున ఉన్నవారి పింగ్ ఒక్కసారిగా పడిపోయింది, పడమటివారి పింగ్ పెరిగింది. వారి ఇళ్లలో ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. కాబట్టి ఒక ప్రాంతాన్ని ఎంచుకునే ముందు ఆ ఆట సర్వర్లు ఏ నగరాల్లో ఉన్నాయో చూసుకుని, పేరులోని ఖండాన్ని పక్కనపెట్టి కిలోమీటర్లను బట్టి నిర్ణయించుకోవాలి.

ఉపగ్రహ ఇంటర్నెట్ వాడేవారికి ఒక మాట. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సిగ్నల్ పైకి, కిందికి, మళ్లీ పైకి, కిందికి పోవడానికే 470 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. వేగంగా చేయి ఆడించవలసిన ఆటలకు అది పనికిరాదు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి గనుక ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

కొలవడం

కనీస అంకె తెలిసిన తర్వాత, అసలు పింగ్‌లో మిగిలిన భాగం ఎక్కడ పోగవుతున్నదో పట్టుకోవాలి. మూడు చోట్లకు పింగ్ కొట్టి (కమాండ్ విండోలో ping అని రాసి, పక్కన ఆ చోటు అడ్రస్ ఇచ్చి) చూడడం దీనికి సులువైన పద్ధతి. మొదట మీ రౌటర్‌కు కొట్టాలి. ల్యాన్ కేబుల్ మీద 1 మిల్లీసెకను లోపు, మంచి వైఫై మీద 2 నుంచి 5 వరకు రావాలి. తర్వాత మీ ఇంటర్నెట్ కంపెనీ వైపు కనిపించే మొదటి రౌటర్‌కు, చివరగా ఆట సర్వర్‌కు. ప్రతిదాన్నీ నాలుగైదు సార్లతో ఆపకుండా కనీసం పది నిమిషాలు నడపాలి, ఎందుకంటే సగటు కన్నా ఎగుడుదిగుడులే ఇక్కడ ముఖ్యం. పింగ్ ఒకసారి 150, మరుక్షణం 210, మళ్లీ 160 అని ఊగడాన్ని జిట్టర్ అంటారు. పంపిన ప్యాకెట్లలో కొన్ని అసలు చేరకపోవడం ప్యాకెట్ లాస్. నిలకడగా ఉన్న 180 పింగ్‌కు చేయి, కన్ను కొద్ది రోజుల్లోనే అలవాటుపడతాయి. 120 నుంచి 220 మధ్య ఊగే పింగ్‌కు ఎన్నాళ్లయినా అలవాటుపడలేవు. అందుకే రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే, సగటు కాస్త ఎక్కువైనా ఊగనిదాన్నే ఎంచుకోమని చెబుతాను.

ఆట సర్వర్ అడ్రస్ ఎలా తెలుస్తుందన్నది తరువాతి ప్రశ్న. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆట ప్రోగ్రామ్‌ను టిక్ చేస్తే, ఆట నడుస్తుండగా అది ఏ అడ్రస్‌తో మాట్లాడుతున్నదో, వాటిలో ఎక్కువ డేటా దేనికి పోతున్నదో కనిపిస్తుంది. చాలా ఆటల సర్వర్లు పింగ్‌కు జవాబివ్వకుండా కట్టేసి ఉంటాయి. అటువంటప్పుడు అదే నగరంలో ఉన్న పెద్ద క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్‌కు పింగ్ కొట్టి, ఆ అంకెను దగ్గరి అంచనాగా తీసుకోవచ్చు.

దారిలో ఏమి జరుగుతున్నదో చూడడానికి, డేటా దాటే ఒక్కొక్క రౌటర్‌నూ ఒక్కొక్క వరుసలో చూపే ట్రేస్‌రూట్, దానికన్నా మెరుగ్గా ఎంటీఆర్ అనే ప్రోగ్రాములు ఉపయోగపడతాయి. విండోస్‌లో దీనికి విన్‌ఎంటీఆర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దీన్ని చదవడంలోనే ఎక్కువమంది పొరపడతారు కనుక ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూద్దాం. తెర మీద పద్నాలుగు వరుసలు వచ్చాయనుకోండి. మొదటి వరుస మీ రౌటర్, 1 మిల్లీసెకను. రెండు నుంచి అయిదు వరకు మీ ఇంటర్నెట్ కంపెనీ, 5 నుంచి 9 వరకు. ఆరవ వరుసలో 38 మిల్లీసెకన్లు, పక్కనే 60 శాతం లాస్ అని భయపెట్టే అంకె. ఏడవ వరుసలో 39, లాస్ సున్నా. ఎనిమిదిలో 41. తొమ్మిదిలో 214. అక్కడినుంచి చివరివరకు 214 నుంచి 218.

ఇందులో ఆరవ వరుసలోని 60 శాతాన్ని చూసి ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ప్రయోజనం లేదు. తనను దాటి పోయే ప్యాకెట్లను వెంటనే పంపించి, తనకే వచ్చిన పింగ్‌లకు మాత్రం తీరిక ఉన్నప్పుడు జవాబిచ్చేలా చాలా రౌటర్లను అమరుస్తారు. ఆ తరువాతి వరుసల్లో లాస్ లేదు కాబట్టి అక్కడ నిజమైన నష్టం ఏమీ జరగడం లేదు. ఒక వరుసలో మొదలైన లాస్ చివరి వరుస దాకా కొనసాగితేనే పట్టించుకోవాలి. అసలు చూడవలసింది ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య వచ్చిన 173 మిల్లీసెకన్ల గంతు. అంత గంతుకు సాధారణంగా ఒక మహాసముద్రమే కారణం. అది మీరు దాటవలసిన సముద్రమే అయితే తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని రౌటర్ల పేర్లలో నగరాల పొట్టి పేర్లు, తరచుగా విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు, దాగి ఉంటాయి. తూర్పున ఉన్న సర్వర్‌కు పోవలసిన డేటా పేర్లలో ఫ్రాంక్‌ఫర్ట్ కోడ్ ఒకటి, లాస్ ఏంజలిస్ కోడ్ ఒకటి కనిపిస్తే, అది ప్రపంచాన్ని చుట్టి వస్తున్నదని తేలిపోతుంది. మీకు దొరకవలసిన ముఖ్యమైన ఆధారం అదే. ఆ తెరను భద్రపరచుకోవాలి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఎంటీఆర్ చూపేది వెళ్లే దారి మాత్రమే, తిరిగి వచ్చే దారి వేరుగా ఉండవచ్చు. అంకెల్లో ఆ రెండూ కలిసే ఉంటాయి కనుక, వెళ్లే దారి తిన్నగా కనిపిస్తున్నా పింగ్ ఎక్కువగా ఉంటే తిరుగు దారిని అనుమానించాలి.

ఈ కొలతలను తెల్లవారుజామున ఒకసారి, రాత్రి అందరూ వీడియోలు చూసే వేళ ఒకసారి తీసుకోవాలి. రెండింటి మధ్య తేడా పెద్దగా ఉంటే సమస్య దూరానిది కాదు, రద్దీది.

ఇంట్లో పుట్టే ఆలస్యం

వైఫై వదిలి ల్యాన్ కేబుల్ పెట్టుకోవడం అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా ఫలితమిచ్చే పని. సగటు పింగ్‌లో తగ్గేది నాలుగైదు మిల్లీసెకన్లే కావచ్చు. కాని వైఫైలో ప్యాకెట్ ఒకసారి చేరకపోతే మళ్లీ మళ్లీ పంపవలసి వస్తుంది, చుట్టుపక్కల వైఫైలు అదే ఛానెల్‌లో మాట్లాడుతుంటే వంతు కోసం ఆగవలసి వస్తుంది, ఆ ఊగులాట అంతా కేబుల్‌తో పోతుంది. కేబుల్ లాగడం కుదరకపోతే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను వదిలి 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ వంటివన్నీ 2.4లోనే రొద చేస్తాయి. ఫోన్‌లో ఆడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే ఇంకా మంచిది.

కేబుల్ పెట్టినా వదలని మరో సమస్య బఫర్‌బ్లోట్. ఇంట్లో ఒకరు పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నప్పుడు, లేదా ఫోన్ తనంతట తాను ఫొటోలను క్లౌడ్‌కు పంపుతున్నప్పుడు, రౌటర్ ఆ ప్యాకెట్లన్నిటినీ ఒక పొడవైన వరుసలో నిలబెడుతుంది. ఆట పంపే చిన్న ప్యాకెట్, టోల్ గేటు దగ్గర వంద లారీల వెనుక చిక్కుకున్న అంబులెన్స్‌లాగా, ఆ వరుస చివర నిలబడుతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. ఒక కిటికీలో ఆట సర్వర్‌కు పింగ్ నడుస్తుండగా మరో కిటికీలో పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్‌కు పెట్టి చూడండి. 182, 183, 182 అని పోతున్న అంకెలు అప్‌లోడ్ మొదలైన రెండు మూడు క్షణాల్లో 260, 410, 640 అని ఎగబాకి, అప్‌లోడ్ ఆపగానే మళ్లీ 183కు దిగివస్తే, మీ రౌటర్‌కు ఆ రోగం ఉన్నట్టే. స్పీడ్ టెస్ట్‌లో ఎన్ని ఎంబీపీఎస్ వచ్చినా దీని నుంచి రక్షణ ఉండదు.

దీనికి సరైన మందు 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించిన కోడెల్ అనే పద్ధతి, దాని నుంచి వచ్చిన ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే తరువాతి రూపాలు. ఇవి వరుసను పెరగనివ్వవు. ఒక్కొక్క ప్రవాహానికి వేరే వంతు ఇచ్చి, చిన్న ప్రవాహాలను ముందుకు పంపిస్తాయి. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం అనో, స్మార్ట్ క్యూ అనో కనిపించేది ఇదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో ఎస్‌క్యూఎం ప్యాకేజీని ఉచితంగా వేసుకోవచ్చు. అమర్చేటప్పుడు ఒక సంగతి తప్పనిసరి. మీ నిజమైన వేగంలో 85 నుంచి 95 శాతం వరకే పరిమితిగా పెట్టాలి. అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ వస్తుంటే 36 అని రాయాలి. కాస్త వేగం వదులుకున్నందువల్ల వరుస కంపెనీ మోడెమ్‌లో కాకుండా మీ అదుపులో ఉన్న రౌటర్‌లో ఏర్పడుతుంది. పరిమితిని పూర్తి వేగానికి పెడితే ఈ పద్ధతి పనిచేయడం మానేస్తుంది. ఎస్‌క్యూఎం లేని రౌటరే ఉంటే, ఆడే వేళల్లో క్లౌడ్ బ్యాకప్‌లనూ ఆటల అప్‌డేట్‌లనూ ఆపి ఉంచడం, లేదా ఆ ప్రోగ్రాముల్లోనే అప్‌లోడ్ పరిమితి పెట్టడం ప్రత్యామ్నాయం.

డీఎన్ఎస్ మార్చడం వల్ల పింగ్ తగ్గదు. అది అడ్రస్ వెతికిపెట్టి పక్కకు తప్పుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలో నేగిల్ అల్గారిథమ్‌ను (చిన్న ప్యాకెట్లను కలిపి పంపడానికి ఆపి ఉంచే ఏర్పాటును) ఆపమనే సలహా, ప్రతి ప్యాకెట్ చేరిందో లేదో సరిచూసుకునే టీసీపీ పద్ధతి మీద నడిచే ఆటలకు మాత్రమే సంబంధించినది, తుపాకీ ఆటలు దాదాపు అన్నీ అలా ఆగని యూడీపీ పద్ధతిని వాడతాయి. 'గేమింగ్' అని పెట్టె మీద రాసి, లైట్లు వెలిగే రౌటర్ కన్నా ఎస్‌క్యూఎం ఉన్న పాత రౌటర్ మేలు.

నెట్‌తో సంబంధం లేకుండా, కంప్యూటర్‌లోనే పోగయ్యే ఆలస్యం ఒకటి ఉంది. మౌస్ నొక్కిన క్షణం నుంచి తెర మీద ఫలితం కనబడేవరకు పట్టే కాలమంతా చేతికి తెలిసే ఆలస్యమే. అందులో పింగ్ ఒక భాగం మాత్రమే. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే తెర మీద ఒక్కొక్క ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది, ఫ్రేములను తెర లయకు కట్టే వీసింక్ ఆన్‌లో ఉంటే రెండు మూడు ఫ్రేములు వరుసలో నిలిచిపోతాయి. వీసింక్ తీసేయడం, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండి ఆట ఒప్పుకుంటే ఈ ఆలస్యాన్ని తగ్గించే రిఫ్లెక్స్ ఆన్ చేయడం, టీవీ మీద ఆడేవారు దాని గేమ్ మోడ్‌ను పెట్టుకోవడం, వీలైతే 120 లేదా 144 హెర్ట్జ్ తెరకు మారడం వల్ల ఇరవై ముప్పై మిల్లీసెకన్లు సులువుగా మిగులుతాయి. రెండు మూడు వేల కిలోమీటర్ల దూరం తగ్గినంత లాభం అది, సముద్రంలో దొరకనిది బల్ల మీద దొరుకుతుంది.

దారి మార్చడం

ఇంటర్నెట్ కంపెనీలు ఒకదానికొకటి దారి చెప్పుకునే బీజీపీ వ్యవస్థ ఆలస్యాన్ని చూసి దారి ఎంచుకోదు. ఎవరితో ఒప్పందం ఉంది, ఎవరికి డబ్బు కట్టాలి, ఎన్ని నెట్‌వర్క్‌లు దాటాలి అన్నవాటిని బట్టి దారి తేలుతుంది. ఆ కారణంగానే ఒకే వీధిలో రెండు కంపెనీల కనెక్షన్లు ఉన్న ఇద్దరికి ఒకే సర్వర్‌కు 110 ఒకరికి, 230 మరొకరికి రావడం విచిత్రమేమీ కాదు. కనుక బూస్టర్ కొనే ముందు, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ నుంచి హాట్‌స్పాట్ తీసుకుని అదే సర్వర్‌కు ఎంటీఆర్ నడిపి చూడాలి. మొబైల్ నెట్ మీద కాస్త ఊగినా, దారి ఏ నగరాల మీదుగా పోతున్నదో తెలుస్తుంది. ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి ఐపీవీ6 అందుబాటులో ఉంటే దాన్నీ పరీక్షించాలి, ఎందుకంటే పాత ఐపీవీ4కూ దానికీ వేర్వేరు దారులు ఉండడం కద్దు.

మీ ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు 'గేమ్ ల్యాగ్ అవుతోంది' అని రాస్తే రౌటర్ ఆపి ఆన్ చేయమనే జవాబే వస్తుంది. సర్వర్ అడ్రస్, రెండు వేళల్లో తీసిన ఎంటీఆర్ తెరలు, ఏ రెండు వరుసల మధ్య దారి తప్పుతున్నదో, ఆ నగరాల పేర్లు, వేరే కంపెనీ మీద వచ్చిన అంకె రాసి, దీన్ని నెట్‌వర్క్ విభాగానికి పంపమని కోరాలి. దారి సరిచేయగలిగినవారు ఆ విభాగంలో ఉంటారు. వారికి కావలసినవి ఈ వివరాలే.

కొన్నిసార్లు తప్పు ఎవరిదీ కాదు. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు, మధ్యప్రాచ్యం మీదుగా పోయే డేటా వేరే దారులు పట్టడంతో తమ అజ్యూర్ క్లౌడ్ సేవల్లో ఆలస్యం పెరిగిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించవలసి వచ్చింది. పింగ్ ఉన్నట్టుండి వంద పెరిగి రోజుల తరబడి అలాగే ఉంటే, ఏదైనా కేబుల్ తెగిందేమో వార్తల్లో చూసుకోవడం మంచిది. మరమ్మతు ఓడ వెళ్లి అతికించేవరకు మీ సెట్టింగుల్లో వెతకడం వృథా.

వీపీఎన్, ఎగ్జిట్‌ల్యాగ్, మడ్‌ఫిష్ వంటి గేమ్ రూటింగ్ సేవలు చేసేది ఒకటే: మీ డేటాను ముందు తమ సర్వర్‌కు రప్పించుకుని, అక్కడినుంచి వేరే దారిలో పంపడం. చుట్టుదారి ఉన్నవారికి ఇది నిజంగా పనిచేస్తుంది, 230ని 150కి దించగలదు. దారి ముందే తిన్నగా ఉన్నవారికి మధ్యలో ఒక మజిలీ పెరిగి పింగ్ రెండు మూడు మిల్లీసెకన్లు ఎక్కువవుతుంది. మీకు పనికొస్తుందో లేదో ఇంతకుముందు వేసిన కనీస పింగ్ లెక్కే చెబుతుంది. ఉచిత గడువు ఇచ్చే సేవను రద్దీ వేళలోనే పరీక్షించి, దానిలో చూపే అంకెను పక్కనపెట్టి ఆటలో చూపే అంకెనే నమ్మాలి. కంప్యూటర్ పనులు తెలిసినవారు ఆట సర్వర్ ఉన్న నగరంలోనో, దారి మధ్యలోని పెద్ద నగరంలోనో చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని, దాని మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్ నడుపుకోవచ్చు. వైర్‌గార్డ్ యూడీపీ మీదే నడుస్తుంది కాబట్టి ఆటలకు అనువైనది. అద్దెకు తీసుకునే ముందు ఆ కంపెనీ ఇచ్చే పరీక్షా అడ్రస్‌కు మీ ఇంటి నుంచి పింగ్ చూసుకోవాలి. మీ నుంచి వీపీఎస్‌కు, వీపీఎస్ నుంచి ఆట సర్వర్‌కు వచ్చే రెండు అంకెల మొత్తం ఇప్పటి పింగ్ కన్నా తక్కువైతేనే ఆ ఖర్చుకు అర్థం. కొన్ని ఆటల నిబంధనలు వీపీఎన్‌ను ఒప్పుకోవు, కొన్ని వేరే దేశం నుంచి లాగిన్ అయితే ఖాతాను తాత్కాలికంగా ఆపుతాయి. ఆ నియమాలు ముందు చదువుకోవాలి.

మిగిలిన ఆలస్యంతో ఆడడం

ఇక్కడినుంచి పని ఆటలో ఉంది. ఎదుటివాడు దెబ్బ ఎత్తడం మీకు ఎప్పుడు కనిపిస్తుంది, మీ అడ్డు ఎప్పుడు చేరుతుంది అన్నది లెక్క వేసి చూస్తే పరిస్థితి స్పష్టమవుతుంది. పింగ్ 180 అయితే సర్వర్‌లో మొదలైన దెబ్బ మీ తెరకు రావడానికి సుమారు 90, కదలిక నునుపుగా కనిపించడానికి ఆట నిలిపి ఉంచే కాలం 50 అనుకుందాం, మనిషి చూసి స్పందించడానికి సుమారు 250, మీ బటన్ సర్వర్‌కు చేరడానికి మరో 90. మొత్తం 480 మిల్లీసెకన్లు. పింగ్ 20 ఉన్నవాడికి ఇదే లెక్క 320. అంటే 400 మిల్లీసెకన్లలో పడే దెబ్బను అతడు చూసి ఆపగలడు, మీరు చూసి ఆపలేరు, ఊహించి ఆపాలి. 700 మిల్లీసెకన్లలో పడే దెబ్బ అయితే ఇద్దరూ ఆపగలరు. కాబట్టి మీరు ఆడే ఆటలో ఏ దెబ్బలు చూసి ఆపదగినవో, ఏవి ముందే పసిగట్టవలసినవో విడదీసుకోవడం దూరపు ఆటగాడు నేర్చుకోవలసిన మొదటి విద్య. బాస్‌ల (ఆటలోని పెద్ద శత్రువుల) దెబ్బల వరుస కంఠతా వస్తే 200 పింగ్ కూడా పెద్ద అడ్డంకి కాదు.

తుపాకీ ఆటల్లో రెండు పాత ఏర్పాట్లు మీకు తోడుగా ఉంటాయి. 1996లో క్వేక్‌వరల్డ్ ఆటతో వచ్చిన ప్రెడిక్షన్ వల్ల మీ నడక సర్వర్ జవాబు కోసం ఆగదు. హాఫ్‌లైఫ్ ఆట కాలం నుంచి వాడుకలో ఉన్న ల్యాగ్ కాంపెన్సేషన్ వల్ల మీరు కాల్చిన క్షణంలో మీ తెర మీద ఎదుటివాడు ఎక్కడ ఉన్నాడో సర్వర్ వెనక్కి వెళ్లి చూస్తుంది. వీటి నుంచి ఒక వ్యూహం తేలుతుంది. ఒక మూలను గురిపెట్టి ఎదురుచూడడం దూరపు ఆటగాడికి నష్టం, ఎందుకంటే బయటికి వచ్చినవాడు మీకు ఆలస్యంగా కనిపిస్తాడు. మీరే మూల దాటి బయటికి వెళితే, మీరు అతడిని వెంటనే చూస్తారు, మీ రాక అతడికి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. దాక్కున్న తర్వాత కూడా దెబ్బ తగలడం మాత్రం ఈ ఏర్పాటుకు మీరు చెల్లించే మూల్యం. అందుకే గోడ చాటుకు ఎప్పుడూ అరక్షణం ముందే తగ్గాలి. వెనక్కి వెళ్లి చూసే కాలానికి కొన్ని ఆటల్లో హద్దు ఉంటుంది, అది దాటితే కదిలే మనిషికి కాస్త ముందుగా గురిపెట్టాలి.

జిట్టర్ గాని ప్యాకెట్ లాస్ గాని పూర్తిగా పోకపోతే ఆటలో బఫరింగ్ పెంచుకోవచ్చు. వాలరెంట్‌లో నెట్‌వర్క్ బఫరింగ్, కౌంటర్ స్ట్రైక్ 2లో ఒకటి లేదా రెండు ప్యాకెట్ల బఫర్ ఇందుకే ఉన్నాయి. కొద్ది మిల్లీసెకన్లు అదనంగా ఆలస్యం చేర్చి, కదలికను నిలకడగా చూపిస్తాయి. 180లో మరో 16 చేరితే తెలియదు, కాని ఎదుటివాడు గెంతులు వేస్తూ కనిపించడం తగ్గుతుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవారు స్పెల్ క్యూ విండో అనే అమరికను ముట్టుకోకుండా ఉంచాలి. మొదటి మంత్రం పూర్తికావడానికి 400 మిల్లీసెకన్ల ముందు నుంచే తరువాతి మంత్రాన్ని నొక్కి ఉంచే వీలు అది. నొక్కినది ముందే సర్వర్‌కు చేరి సిద్ధంగా ఉంటుంది. దాన్ని తగ్గించమనే సలహా తక్కువ పింగ్ ఉన్నవారి కోసం పుట్టింది. ఫైనల్ ఫాంటసీ 14లో పరిస్థితి వేరు: ఒక్కొక్క నైపుణ్యం వాడాక కాసేపు మరొకటి వాడనివ్వని యానిమేషన్ లాక్ సర్వర్ జవాబుతో ముడిపడి ఉంటుంది, అందువల్ల ఎక్కువ పింగ్‌లో రెండు మంత్రాల మధ్య రెండు చిన్న నైపుణ్యాలు ఇరికిస్తే లయ వెనకబడుతుంది. ఒక్కటి మాత్రమే ఇరికించడం, రెండేసి ఇరికించవలసిన అవసరం తక్కువ ఉన్న జాబ్‌ను (పాత్ర వృత్తిని) ఎంచుకోవడం అక్కడ తెలివైన పని. ఈ లాక్‌ను తగ్గించే బయటి ప్రోగ్రాములు దొరుకుతాయి గాని, బయటి ప్రోగ్రాములేవీ ఆ ఆట నిబంధనలకు సమ్మతం కావు.

ఫైటింగ్ ఆటల్లో రోల్‌బ్యాక్ ఉందా, డిలే పద్ధతా అన్నదే కొనే ముందు చూడవలసినది. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన, 180 పింగ్‌లో ఒక వైపు ప్రయాణం అయిదున్నర ఫ్రేములు. డిలే పద్ధతిలో మీ ప్రతి బటన్‌కూ ఆ ఆలస్యమంతా తగులుతుంది, పైగా అది మారుతూ ఉంటుంది. టోనీ క్యానన్ రూపొందించిన జీజీపీఓ సాఫ్ట్‌వేర్‌తో పేరుకెక్కిన రోల్‌బ్యాక్ పద్ధతిలో మీ బటన్ వెంటనే పనిచేస్తుంది; ఎదుటివాడి కదలికను ఆట ఊహించి, తప్పితే వెనక్కి వెళ్లి సరిచేస్తుంది. ఇన్‌పుట్ డిలేను మూడు ఫ్రేములకు పెట్టుకునే వీలుంటే, సరిచేయవలసినవి రెండు మూడు ఫ్రేములకు తగ్గి గెంతులు చాలావరకు కనిపించవు. ఈ ఆటలు తరచుగా ఆటగాళ్ల మధ్య నేరుగా నడుస్తాయి కాబట్టి, ఇక్కడ దూరం అంటే ప్రత్యర్థి ఇంటికి ఉన్న దూరం. సర్వర్ ప్రాంతం మార్చినా అది మారదు.

జట్టుగా ఆడే ఆటల్లో పాత్రను ఎంచుకోవడం కూడా పింగ్‌ను బట్టే ఉండాలి. ఎదురెదురుగా క్షణాల్లో తేలే పోరాటాల పాత్ర కన్నా, జట్టుకు వైద్యం చేసేది, మైదానాన్ని అదుపు చేసేది, ముందుగా వల పన్నేది అయిన పాత్ర 200 పింగ్‌లో ఎక్కువ పనికొస్తుంది. స్నేహితులందరూ వేర్వేరు ఖండాల్లో ఉంటే, ఒకరికి 20, మరొకరికి 260 వచ్చే సర్వర్ కన్నా అందరికీ 130 దగ్గర వచ్చే మధ్య నగరపు సర్వర్‌ను ఎంచుకోవాలి. ప్రాంతం మార్చే ముందు ఒక్క విషయం సరిచూసుకోండి: చాలా ఆటల్లో పాత్రలు, కొన్న వస్తువులు, ర్యాంకు ఒక ప్రాంతానికే కట్టుబడి ఉంటాయి, కొన్నిటిలో వాటిని తరలించడానికి రుసుము ఉంటుంది, కొన్నిటిలో తరలించే వీలే ఉండదు, అందువల్ల కొత్త ప్రాంతంలో ఉచిత ఖాతాతో వారం పాటు ఆడి, రాత్రి వేళ పింగ్ చూసి, ఆ తర్వాతే డబ్బు పెట్టాలి.